ఒకే రెక్కల పురుగుకు రెండు కుటుంబాలా? ఎరెబిడే, నాక్టుయిడే గుర్తుపట్టడం ఎట్లా

కళ్యాణదుర్గం కుర్రోడు · సెప్టెంబర్ 9, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అగ్రికల్చర్ బీఎస్సీ చదువుతున్నాను. వచ్చే వారం కీటకాల పెట్టె చూపించాలి. ప్రతి పిన్ను కింద కుటుంబం పేరు రాసిన చీటీ ఉండాలి. వానలు మొదలైనప్పటి నుంచి మా ఇంటి వసారాలో ట్యూబ్‌లైట్ దగ్గర పట్టినవాటిలో నాలుగింటి ఫొటోలు పెడుతున్నాను.

ఒకటోది: ముందు రెక్క మట్టి రంగు, పై అంచు వెంబడి పసుపు గీత. వెనక రెక్క తెలుపు, దాని మీద నల్ల మచ్చలు. వేరుశనగలో పడే ఎర్ర గొంగళి పురుగు తల్లి ఇదేనని నాన్న చూడగానే చెప్పాడు.

రెండోది: గోధుమ రంగు ముందు రెక్క, దాని నిండా అడ్డదిడ్డంగా తెల్ల గీతలు. వెనక రెక్క తెల్లగా, పలుచగా ఉంది.

మూడోది: మూసుకుని కూర్చుంటే చెట్టు బెరడులా ఉంది. రెక్క విప్పితే వెనక రెక్క నలుపు, మధ్యలో తెల్ల పట్టీ, అంచున మూడు తెల్ల మచ్చలు.

నాలుగోది: చిన్నది, కాళ్లు పొడుగు. రెక్కల్లో అద్దం లాంటి తెల్ల మచ్చలు. రెక్కలు చాపుకుని కూర్చుంటుంది. ఇది కందిచేలో దొరికింది.

సమస్య ఏమిటంటే, ఒకటోదానికి సీనియర్ల నోట్సులో ఆర్క్టియిడే అని ఉంది. ఫోన్ యాప్ ఎరెబిడే అంటోంది. మొదటి మూడూ నాక్టుయిడేనే, కళ్లు మూసుకుని రాసేయ్ అంటాడు రూమ్మేట్. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

చీనీ తోట · సెప్టెంబర్ 9, రాత్రి 9:40

రెండోది పొగాకు లద్దెపురుగు తల్లి. వేరుశనగ పెట్టినోళ్లు ఎవరన్నా చెప్తారు. మూడోది ఆముదంలో దాసరి పురుగుది. కుటుంబం పేరు ఏదైతేనేం అబ్బీ? మందు కొట్టేటప్పుడు ఆ పేరు అడగరు కదా.

నా బాధ వేరే. ఇప్పుడు చీనీకాయ పండే టైము. రాత్రిపూట పెద్ద పెద్ద రెక్కల పురుగులు వచ్చి కాయలో తొండం దించి పోతా ఉండాయి. పొద్దున చూస్తే గుండుసూది పొడిచినంత చిల్లి, నాలుగు రోజులకు చుట్టూ కుళ్లు, కాయ రాలిపోతుంది. అది ఏ జాతి, దాని పిల్లలు యాడ పెరుగుతాయి? తోటంతా వెతికినా చీనీ చెట్టు మీద దాని పురుగు ఒక్కటీ కనపడలేదు.

కడప జువాలజీ మాస్టారు · సెప్టెంబర్ 9, రాత్రి 10:55

కళ్యాణదుర్గం బాబూ, నీ నోట్సు, యాప్, రూమ్మేట్ మూడు వేర్వేరు కాలాల్లో ఉన్నారు.

హాంప్సన్ అనే ఇంగ్లీషు కీటక శాస్త్రవేత్త 1892 నుంచి 1896 వరకు మన దేశపు మాత్‌ల (ఇలాంటి రెక్కల పురుగుల) మీద నాలుగు సంపుటాలు రాశాడు. వాటిలో ఆర్క్టియిడే, లైమాంట్రియిడే, నాక్టుయిడే వేర్వేరు కుటుంబాలు. మేము చదువుకున్నదీ అదే, చెప్పిందీ అదే. ఆ నాక్టుయిడేలో మాత్రం దొరికినవన్నీ కుక్కేశారు. లద్దెపురుగు, దాసరి పురుగు, పండ్ల రసం పీల్చేది, పత్తి మచ్చల పురుగు, అన్నీ అందులోనే. తర్వాత జన్యువులు పోల్చి చూసే పద్ధతి వచ్చింది. 2011లో జహీరి బృందం ఈ మొత్తం గుంపు వంశవృక్షాన్ని కొత్తగా కట్టింది. దాసరి పురుగుకు లద్దెపురుగు కంటే ఎర్ర గొంగళి పురుగే దగ్గరి చుట్టమని అందులో తేలింది. ఆ చుట్టాలన్నింటినీ కలిపి ఎరెబిడే అన్నారు. పాత ఆర్క్టియిడే ఇప్పుడు అందులో ఆర్క్టినే అనే ఉపకుటుంబం, లైమాంట్రియిడే లైమాంట్రినే అయింది. ఎరెబిడేలో ఇప్పుడు దాదాపు 24 వేల జాతులు ఉన్నాయి, నాక్టుయిడేలో మిగిలింది దానిలో సగం కూడా కాదు.

కాబట్టి నీ ఒకటోది, మూడోది ఎరెబిడే. రెండోది నాక్టుయిడే. నాలుగోది ఈ గుంపులోదే కాదు, అది క్రాంబిడే. కందిలో మరుకా మచ్చల పురుగు అంటాం.

ఇది నా నోటి మాటగా రాసుకోవద్దు. నీ పెట్టెలో నువ్వే చూసి తేల్చుకోగలిగిన గుర్తులు రెండున్నాయి, చెవి, ఈనెలు. ఎరెబిడే, నాక్టుయిడే, నోలిడే, నోటోడాంటిడే అన్నింటికీ చెవి ఛాతీ చివరి ఖండం మీద, వెనక రెక్క మొదలుకు దగ్గర్లో ఉంటుంది. గబ్బిలం అరుపు వినడానికి అది. క్రాంబిడే, పైరాలిడేలకు చెవి పొట్ట మొదట్లో, అడుగువైపు ఉంటుంది. అందుకే నాలుగోదాన్ని ఈ గుంపు నుంచి తీసి పక్కన పెట్టాను.

ఇక ఈనెలు. ముందుగా ముందు రెక్కలో నడిమి గది (రెక్క మధ్యలో ఈనెలు లేని ఖాళీ జాగా) అడుగు మూల నుంచి మూడు కొమ్మలు మాత్రమే వెళ్తుంటే నోటోడాంటిడే అని అనుమానించు. నాలుగు ఉంటే మిగతా మూడింటిలో ఏదో ఒకటి. అప్పుడు వెనక రెక్కకు రా. అక్కడా అదే మూల నుంచి అంచుకు పోయే ఈనెలు లెక్కపెట్టు. నాలుగూ ఒకే లావుగా కనిపిస్తే ఎరెబిడే వైపు చూడు. మూడే గట్టిగా ఉండి, నాలుగోది సన్నని నీడలా ఉన్నా, అసలు లేకపోయినా నాక్టుయిడే వైపు చూడు. తేడా అంతా ఎం2 అనే ఒక్క ఈనెది. అది కింది ఈనె పక్కనే గట్టిగా పుట్టిందా, పైకి జరిగి బక్కచిక్కిందా అన్నదే చూడాలి.

చీనీ తోట గారూ, మీ సమాధానం రేపు రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

నంద్యాల కెమెరా · సెప్టెంబర్ 9, రాత్రి 11:20

మాస్టారూ, మా జిల్లా 2022లో కర్నూలు నుంచి విడిపోతే అడ్రసు మార్చుకోవడానికే తల ప్రాణం తోకకు వచ్చింది. ఇక్కడ ఒక కుటుంబం విడిపోయి, ఇంకో రెండు కలిసిపోయి, వాటి పేర్లు ఉపకుటుంబాలైపోతే పాత నోట్సు ఉన్న పిల్లలు ఏమైపోవాలి?

నాది ఒక అభ్యంతరం. ఫొటోలు తీసేవాళ్లం పురుగును చంపం. ఈనెలు, చెవులు మాకు కనపడవు. కూర్చునే తీరు చాలదా? నాక్టుయిడే ఎక్కువగా ఇంటి పైకప్పులా రెక్కలు వాల్చి కూర్చుంటాయి, ఎరెబిడేలో చాలావరకు త్రికోణంలా పరుచుకుంటాయి, క్రాంబిడేలు పొడుగు కాళ్ల మీద లేచి నిలబడినట్టు ఉంటాయి. నల్లమల అంచున దుప్పటి కట్టి లైటు పెట్టిన రాత్రులు ఈ లెక్కతోనే విడదీసుకుంటున్నాం.

పురుగుల ల్యాబ్ అక్క · సెప్టెంబర్ 10, ఉదయం 7:05

నంద్యాల అన్నా, తీరు చూసి ఊహించడం వరకు సరే. చీటీ మీద రాయడానికి అది చాలదు. ముక్కు పొడుచుకొచ్చిన మాత్ కనపడగానే క్రాంబిడే అనేస్తారు చాలామంది. ఎరెబిడేలో హైపెనినే అనే ఉపకుటుంబం ఉంది, వాటికీ మూతి ముందుకు అలాగే సాగి ఉంటుంది. రెండూ ఒకే దుప్పటి మీద పక్కపక్కనే వాలతాయి. తేడా చూడాలంటే తొండం మొదలు చూడాలి. క్రాంబిడే, పైరాలిడేలకు అక్కడ పొలుసులు కప్పి ఉంటాయి, హైపెనినేకు తొండం నున్నగా ఉంటుంది. పదింతలు పెద్దగా చూపే భూతద్దం ఉంటే చచ్చిన పురుగులో స్పష్టంగా కనిపిస్తుంది.

తమ్ముడూ, ఈనెలు చూడ్డానికి రెక్క పాడు చేసుకోనక్కర్లేదు. మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ తెచ్చుకో. పిన్నుతో పాటు పురుగును తిరగేసి పట్టుకుని, సన్న బ్రష్‌తో వెనక రెక్క అడుగువైపు ఒక్క చుక్క పెట్టు. స్పిరిట్ పాకినంత మేరా పొలుసుల రంగు కరిగిపోయినట్టై ఈనెలు గీతల్లా తేలతాయి. కాసేపటికే ఆరిపోతుంది కాబట్టి భూతద్దం ముందే చేతిలో పెట్టుకో. వెలుతురు వెనక నుంచి రావాలి. రెక్క మొదలు నుంచి మధ్య వరకు ఖాళీగా, ఈనెలు లేకుండా కనిపించే జాగానే నడిమి గది. దాని బయటి చివరలో, శరీరం వైపు ఉన్న మూల నుంచి లెక్క మొదలుపెట్టు. ఒకవైపు రెక్కే తడుపు, రెండోది పెట్టె కోసం ఉంచుకో.

శాశ్వతంగా చూడాలంటే మాత్రం రెక్క ఊడదీసి ముందు స్పిరిట్‌లో తడిపి, తర్వాత బట్టల బ్లీచ్‌లో పెట్టి, పొలుసులు పోయాక నీళ్లలో కడగాలి. పెట్టె అయిపోయాక విరిగిపోయినవాటితో చేసుకో.

ఆదోని పత్తి · సెప్టెంబర్ 10, ఉదయం 8:31

పత్తిలో కాయతొలుచు పురుగులు మూడు రకాలు కదా. పచ్చ పురుగు, మచ్చల పురుగు, గులాబీ రంగు పురుగు. మూడూ కాయలోనే దూరతాయి, మూడూ గింజ తింటాయి. ఇవన్నా ఒకే కుటుంబమా?

పురుగుల ల్యాబ్ అక్క · సెప్టెంబర్ 10, ఉదయం 8:50

మూడూ మూడు కుటుంబాలు అన్నా. పచ్చ పురుగు నాక్టుయిడే. మచ్చల పురుగు నోలిడే. దాని గూడు చూశారా? బోర్లించిన పడవలా ఉండి, ఒక చివర నిలువు చీలిక ఉంటుంది, అందులోంచి రెక్కల పురుగు బయటికి వస్తుంది. ఆ పడవ గూడు నోలిడేల గుర్తు. గులాబీ రంగు పురుగైతే వీటికి చాలా దూరం, జెలెకియిడే. వెనక రెక్క సన్నగా, చివర వేలు చూపినట్టు ఉండి చుట్టూ పొడుగు వెంట్రుకల కుచ్చు ఉంటుంది. మూతి దగ్గర పాల్ప్‌లు (మీసాల్లాంటి చిన్న అవయవాలు) కొడవళ్లలా పైకి తిరిగి ఉంటాయి. మన వేరుశనగలో ఆకుముడత పురుగు కూడా జెలెకియిడేనే.

కడప జువాలజీ మాస్టారు · సెప్టెంబర్ 10, ఉదయం 10:15

చీనీ తోట గారూ, మీ తోటలోవి యూడోసిమాలు, ఎరెబిడే. టార్చి వేసి వెనక రెక్క చూడండి, నారింజ పండు రంగులో ఉంటుంది. దాని మధ్యలో గుండ్రటి నల్ల చుక్క ఉంటే యూడోసిమా మాటెర్నా. చుక్క బదులు వంకర తిరిగిన నల్ల మచ్చ ఉంటే యూడోసిమా ఫలోనియా. ముందు రెక్క ఎండాకులా, ఆకుపచ్చగా రకరకాలుగా ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు.

మాత్‌ల తొండం మామూలుగా తేనె పీల్చే మెత్తని గొట్టం. వీటికి మాత్రం చివర గట్టిపడి ముళ్లు లేచి ఉంటుంది. అందుకే చీనీ తొక్కలోకి దిగుతుంది. కాయ కుళ్లేది ఆ చిల్లిలోంచి శిలీంద్రాలు, బ్యాక్టీరియా దూరడం వల్ల.

పురుగు మీ చెట్ల మీద దొరకకపోవడానికి కారణం ఉంది. చీనీ చెట్టు మీద ఇవి గుడ్లు పెట్టవు. వీటి లార్వాలు పెరిగేది తిప్పతీగ, దూసరితీగ లాంటి తీగల మీద. మీ కంచె మీద అవి ఉంటే ఆకులు తిరగేసి చూడండి. ఒంటి పక్కన కళ్ల లాంటి గుండ్రటి మచ్చలు, ముందు భాగం వంచుకుని కూర్చునే తీరు. చూడగానే తెలిసిపోతుంది.

చీనీ తోట · సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 1:22

ఉండాది సార్! దక్షిణం కంచె అంతా తిప్పతీగే. మా అమ్మ జరానికి కషాయం కాస్తాదని తీయకుండా ఉంచినాం. మరి పీకేయమంటారా?

కడప జువాలజీ మాస్టారు · సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 2:40

మీ కంచె మీదిది పీకినంత మాత్రాన ఆగదు. ఇవి దూరం నుంచి ఎగిరి వస్తాయి, చుట్టూ గుట్టల్లో తీగకు కొదవ లేదు. అమ్మకు కావలసిన తీగ ఒకటి ఉంచి, తోటకు ఆనుకున్నది తీయండి. రాలిన కాయలు ఆ పూటే ఏరి పూడ్చండి, ఆ వాసనకే ఇంకా వస్తాయి. మాగే కాయలకు సంచులు కట్టగలిగితే కట్టండి. రాత్రి టార్చి వేసి పట్టుకోవడం శ్రమే గానీ పని చేస్తుంది, అవి కాయ మీద కదలకుండా కూర్చుంటాయి.

మీరు మొదట అడిగారు చూడండి, కుటుంబం పేరుతో ఏం పని అని. మందుకు పని లేదు, నిజమే. లింగాకర్షక బుట్టలో పెట్టే ఎర కూడా జాతిని బట్టే గానీ కుటుంబాన్ని బట్టి కాదు. లద్దెపురుగు ఎరకు పచ్చ పురుగు రాదు, రెండూ నాక్టుయిడేనే అయినా. కానీ పిల్ల పురుగు ఏ మొక్క మీద వెతకాలో, ఏ చుట్టం ఎలా బతుకుతుందో ఊహించాలంటే కుటుంబం, ఉపకుటుంబం తెలిసి ఉండాలి. ఇది యూడోసిమా అని తెలిసింది కాబట్టే మీ కంచె వైపు చూడమన్నాను.

నల్లమల నడక · సెప్టెంబర్ 10, సాయంత్రం 5:03

అహోబిలం దారిలో పట్టపగలు గడ్డి పూల మీద దొరికింది. ఒళ్లు నలుపు, పసుపు పట్టీలు, రెక్కల్లో గాజు కిటికీలు. కందిరీగ అనుకుని వెనక్కి జరిగాను. యాప్ ఒకసారి జైగీనిడే, ఇంకోసారి ఎరెబిడే అంటోంది. ఏది?

పురుగుల ల్యాబ్ అక్క · సెప్టెంబర్ 10, సాయంత్రం 6:18

మీ ఫొటోలో మీసాలు దారంలా సన్నగా ఉన్నాయి, చివర తెల్లగా ఉంది. వెనక రెక్క ముందు రెక్కలో సగం కూడా లేదు. అమాటా, ఎరెబిడేలో ఆర్క్టినే. అంటే వేరుశనగ గొంగళి పురుగుకు చుట్టమే. జైగీనిడే అయితే మీసాలు చివర లావెక్కి గానీ, దువ్వెన పళ్లలా గానీ ఉంటాయి. లార్వా దొరికితే ఇంకా సులువు. అమాటాది వెంట్రుకల పురుగు, జైగీనిడేది పొట్టిగా, లావుగా, తల లోపలికి లాక్కునే రకం. జైగీనిడేలు ఒంట్లో సైనైడ్ తయారు చేసుకుంటాయి. పగటిపూట ధైర్యంగా తిరిగేది ఆ ధీమాతోనే.

కళ్యాణదుర్గం కుర్రోడు · సెప్టెంబర్ 11, రాత్రి 8:47

అక్కా, స్పిరిట్ పెట్టాను. భలే కనిపించాయి! ఒకటోదానికి నాలుగు, మూడోదానికి నాలుగు, రెండోదానికి మూడే. మాస్టారు చెప్పినట్టే వచ్చింది.

కానీ పెట్టెలో ఇంకోటి ఉంది. ముందు రెక్క మధ్యలో వెండి రంగు మచ్చ, వీపు మీద జుట్టు కుచ్చు లేచి ఉంది. దాని వెనక రెక్కలో కూడా నాలుగు కనిపిస్తున్నాయి. ఎరెబిడే అని రాసేద్దామనుకుంటే యాప్ నాక్టుయిడే అంటోంది. పైగా దాని పిల్ల పురుగు దాసరి పురుగులాగే వీపు వంచి నడుస్తుంది.

నంద్యాల కెమెరా · సెప్టెంబర్ 11, రాత్రి 9:01

అదిగో. నాలుగుంటే ఇది, మూడుంటే అది అన్నారు. ఇప్పుడు నాలుగున్నా అదే అంటున్నారు. మరి మా కూర్చునే తీరే నయం కదా మాస్టారూ?

కడప జువాలజీ మాస్టారు · సెప్టెంబర్ 11, రాత్రి 10:10

ఎరెబిడే వైపు చూడమన్నాను, ఎరెబిడే అని రాయమనలేదు. ఆ వెండి మచ్చది ప్లూసినే ఉపకుటుంబం, నాక్టుయిడేలోనిదే. ఆ వంశంలో ముందే విడిపోయిన కొమ్మల్లో అదొకటి. పూర్వీకుల నాలుగు ఈనెలు దానికి అలాగే ఉండిపోయాయి, మిగతా నాక్టుయిడేలకు తర్వాత ఎం2 సన్నబడింది. అటు అక్క చెప్పిన అమాటా ఎరెబిడే అయినా, వెనక రెక్క కుంచించుకుపోయి ఈనెలు తగ్గాయి. పోగొట్టుకోకుండా ఉంచుకున్న గుర్తును పట్టుకుని చుట్టరికం తేల్చకూడదు. ఒక్క ఈనె మీద కుటుంబాన్ని నిలబెట్టలేం గనకే 2011 దాకా ఆ గొడవ సాగింది. వెండి మచ్చ, వీపు కుచ్చు, ఈనెలు కలిపి చూస్తే ప్లూసినేను ఇంకో దానితో పొరబడవు.

వీపు వంచే నడక అసలు గుర్తే కాదు. పొట్ట మధ్యలో కాళ్లు తగ్గిన ఏ పురుగైనా అలాగే నడుస్తుంది. జియోమెట్రిడేలకు పొట్ట కింద రెండు జతలే, అందుకే అవి పూర్తిగా ఉంగరంలా లేస్తాయి. వెంట్రుకలదీ అదే కథ. మునగ చెట్టు కాండం మీద గుంపుగా ఉండే కంబళి పురుగు యూప్టెరోటిడే, దానికి గొంగళి పురుగు కంటే పట్టుపురుగే దగ్గర.

మల్బరీ మడి · సెప్టెంబర్ 11, రాత్రి 10:32

పట్టుపురుగు మాట వచ్చింది కాబట్టి. మా తట్టల్లో పురుగుకు తోక మీద చిన్న కొమ్ము ఉంటుంది. నువ్వు చేలో లావుపాటి పురుగుకూ అదే కొమ్ము. రెండూ చుట్టాలేనా?

పురుగుల ల్యాబ్ అక్క · సెప్టెంబర్ 11, రాత్రి 10:50

దూరపు చుట్టాలు. నువ్వుదాన్ని హాక్ మాత్ అంటారు, స్ఫింజిడే. మీది బాంబిసిడే. రెండూ బాంబికాయిడియా అనే ఒకే పెద్ద గుంపులోవి. రెక్కలొచ్చాక మీదానికి నోరు పనిచేయదు, ఎగరలేదు. హాక్ మాత్‌లలో చాలావాటికి పొడుగు తొండం, జెట్ లాంటి రెక్క.

కళ్యాణదుర్గం కుర్రోడు · సెప్టెంబర్ 12, సాయంత్రం 4:25

పెట్టెలో పైరాలిడే, క్రాంబిడే రెండూ ఉండాలన్నారు. క్రాంబిడేకు మరుకా సరిపోతుంది. పైరాలిడే ఎక్కడ దొరుకుతుంది? రెండింటికీ తేడా ఎలా చూపాలి? మౌఖికంలో తప్పకుండా అడుగుతారు.

పురుగుల ల్యాబ్ అక్క · సెప్టెంబర్ 12, సాయంత్రం 5:40

మీ కాలేజీలో ట్రైకోగ్రామా (పురుగుల గుడ్లలో పెరిగే బుల్లి కందిరీగ) కార్డులు తయారు చేసే ల్యాబ్ ఉందా? ఉంటే అక్కడ డబ్బాల నిండా పైరాలిడేనే. కార్డు మీద అంటించే గుడ్లు కార్సైరా అనే బియ్యపు రెక్కల పురుగువి. లేకపోతే ఇంట్లో పాత బియ్యం, రవ్వ డబ్బా మూత తీసి చూడు. గింజలు గూడులా అల్లుకుని ఉంటే అదే.

తేడా రెండు చోట్ల. ముందు రెక్కలో ఆర్5 అనే ఈనె ఆర్3, ఆర్4లతో కలిసి ఒకే కాడ నుంచి లేస్తే పైరాలిడే, విడిగా బయల్దేరితే క్రాంబిడే. రెండోది పొట్ట మొదట్లో ఉన్న చెవి. పైరాలిడేకు చెవి గది ముందువైపు దాదాపు మూసుకుని ఉంటుంది. క్రాంబిడేకు తెరుచుకుని ఉంటుంది, రెండు చెవుల మధ్య ఛాతీకి, పొట్టకు నడుమ ఒక చిన్న మడత లేచి ఉంటుంది. దాని పేరు ప్రీసింక్టోరియం. ఆ పేరు బట్టీ పట్టుకుని పో, అడిగేది అదే. చూపించమంటే మైక్రోస్కోపు అడుగు, భూతద్దంలో కనిపించడం కష్టం.

కళ్యాణదుర్గం కుర్రోడు · సెప్టెంబర్ 12, సాయంత్రం 6:02

థాంక్స్ అక్కా. మా మేడమ్‌కు పాత పేరే ఇష్టం. ఎర్ర గొంగళి పురుగుకు ఆర్క్టియిడే రాయకపోతే మార్కులు పోతాయేమో.

కడప జువాలజీ మాస్టారు · సెప్టెంబర్ 12, సాయంత్రం 6:30

చీటీలో పై వరుస ఎరెబిడే, కింద ఉపకుటుంబం ఆర్క్టినే అని రాయి. పాతది చదివినవారికీ, కొత్తది చదివినవారికీ ఇద్దరికీ అర్థమవుతుంది. అడిగితే ఈనెలు చూపించు.

కళ్యాణదుర్గం కుర్రోడు · సెప్టెంబర్ 12, రాత్రి 9:15

చివరిది ఒకటి అక్కా. స్పిరిట్ ఆరాక ఒకటోదాని మెడ మీద వెంట్రుకలు అతుక్కుపోయాయి. రెండోదాని రెక్క పైకి లేచిపోయింది, నొక్కితే విరిగేలా ఉంది.

పురుగుల ల్యాబ్ అక్క · సెప్టెంబర్ 12, రాత్రి 9:33

నొక్కకు! మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడి ఇసుక వేసి, బూజు పట్టకుండా నాలుగు చుక్కల డెట్టాల్ కలుపు. పైన థర్మోకోల్ ముక్క పెట్టి దానికి పిన్ను గుచ్చు, పురుగుకు నీళ్లు తగలకూడదు. ఒకటి రెండు రోజుల్లో కీళ్లు మెత్తబడతాయి, అప్పుడు రెక్క సర్ది కాగితపు పట్టీలతో బిగించి ఆరనివ్వు. వెంట్రుకలకైతే ఇంకో చుక్క స్పిరిట్ పెట్టి, ఆరుతుండగా మెల్లగా ఊదుతూ మెత్తటి బ్రష్‌తో దువ్వు, మళ్లీ లేస్తాయి. పెట్టెలో నాఫ్తలిన్ ఉండలు వేయడం మర్చిపోకు, చీమలు పట్టాయంటే చీటీలే మిగులుతాయి.